సున్నా చూపిన ముల్లు

సోమవారం పొద్దున పదిన్నరకు, షిఫ్టు సగం కూడా కాకముందే, సర్దార్ నర్సింగం తన కింద పనిచేసే ఇరవై రెండు మందిని వెంటబెట్టుకుని గనిలోంచి బయటికి వచ్చాడు. దీపాల గది కిటికీ ముందు ఆగి, మెడలోని గ్యాసు మీటరు తీసి బల్ల మీద పడేశాడు. లోపల టోపీ దీపాలను చార్జింగుకు పెడుతున్న లతీఫున్నీసా ఆ చప్పుడుకు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"ఆగయ్యా! మీ గదిల ఆమెకు చెప్పు, దీన్ని ఇంటికి కొంచవోయి పోరగాళ్లకు ఆడుకోనియ్యమని" అన్నాడు నర్సింగం.

ఆమె రెండడుగుల దూరంలోనే ఉంది. అతను ఆమె వైపు చూడలేదు. భర్త పోయాక అతని బదులు ఆమెను నౌకరీలోకి తీసుకున్న రోజే, ఆడవాళ్ల చేతి దీపంతో గనిలోకి దిగే గతి పట్టిందని నలుగురి ముందు అన్నవాడతను.

దీపాల గది పెద్ద ఆగయ్య కళ్ళద్దాలు సర్దుకుంటూ వచ్చాడు. "ఏమైంది సర్దార్?"

"గ్యాసు. ఇరవయ్యొకటో లెవెల్ సొరంగం కొసకు. నా నూనె దీపం వత్తి తగ్గించి పైకప్పు దాక లేపిన. మంట మీద నీలం టోపీ గింత లేసింది." బొటనవేలి మొదటి కణుపు చూపించాడు. గాలిలో గ్యాసు కలిస్తే ఆ దీపం మంట మీద లేత నీలి పొర కమ్ముతుంది. పొర ఎంత లేస్తే గ్యాసు అంత. ఇరవై ఏళ్లుగా అతను దాన్ని చూసే మనుషుల్ని లోపలికి పంపుతున్నాడు, బయటికి తెస్తున్నాడు. "ఈ మీటరేమో సున్నా అంటది. కరెంటు బంద్ చేపిచ్చి మందిని తీస్కొచ్చిన."

కబురందిన పావుగంటలో అండర్ మేనేజర్ వేణుమాధవ్ వచ్చాడు. అదే మీటరు తీసుకుని తానే దిగి, పన్నెండు దాటాక పైకి వచ్చాడు. వరండాలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

"మూడు చోట్ల పెట్టి చూశాను. సున్నా" అన్నాడు అందరికీ వినపడేలా. "ఏమయ్యా, విదేశం నుంచి తెప్పించిన యంత్రం అబద్ధం చెబుతుందా? నీ గుడ్డి దీపం నిజం చెబుతుందా?"

"నాతోని రాండ్రి సార్. నా దీపంతోని మీరే సూడుండ్రి."

"నీ దీపంతో నాకు పనిలేదు. నువ్వు లేని గ్యాసు పుట్టించి బొగ్గు ఆపావు. నెలాఖరు లెక్కలో నేను తక్కువ పడాలని చేశావు. నీ సంగతి నాకు తెలియదనుకోకు."

నర్సింగం ముఖం నల్లబడింది. "నేను పుట్టిచ్చినోన్నైతే వీళ్లల్లకెల్లి ఒక్కణ్ణి తీస్కపో సార్ గాడికి. నీ కొడుకును తీస్కపో."

ఆ మాటతో అయిపోయింది. సాయంత్రంలోగా సస్పెన్షను కాగితం వచ్చింది: తప్పుడు సమాచారంతో ఉత్పత్తికి ఆటంకం, అధికారితో దురుసు ప్రవర్తన. యూనియన్ వాళ్లు గట్టిగా పట్టుబట్టి ఒక్కటి సాధించారు. బుధవారం మూడింటికి విచారణ. అది తేలేదాకా ఇరవయ్యొకటో లెవెల్లోకి ఎవరూ దిగరు. తప్పు సర్దార్‌దని తేలితే గురువారం మొదటి షిఫ్టు నుంచి అక్కడ పని మొదలు.

జనం వెళ్ళిపోయాక లతీఫున్నీసా ఆ మీటరును చేతిలోకి తీసుకుంది. ఆరో నంబరు. బొగ్గు మసి తుడిచి మీట నొక్కింది. ముల్లు కొంచెం వణికి సరిగ్గా సున్నా మీద నిలబడింది. మీటరు ముఖం అద్దంలా మెరుస్తోంది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

సర్దార్లు షిఫ్టు చివర రాసే గ్యాసు పుస్తకంలోని అంకెలను నెలవారీ కాగితంలోకి ఎక్కించడం ఆమె పని. రోజూ యాంత్రికంగా చేసే పని ఆ రోజు మాత్రం వేలు పెట్టి చదువుతూ చేసింది. వెనకటి పేజీల్లో అంకెలు ఒక తీరుగా లేవు. సున్నా పాయింటు రెండు, సున్నా పాయింటు నాలుగు, ఒకచోట సున్నా పాయింటు ఆరు శాతం. గని ఊపిరి తీసుకున్నట్టు హెచ్చుతగ్గులు. జనవరి పదకొండు నుంచి అన్నీ సున్నాలు. ఆరో నంబరు ఒక్కటే కాదు, పది మీటర్లూ, మూడు షిఫ్టులూ, తొమ్మిది రోజులూ.

ఆమె వేలు పదకొండో తేదీ మీద ఆగిపోయింది.

ఆ రోజు రక్షణ వారోత్సవాల కమిటీ వచ్చింది. ముందు రోజు వేణుమాధవ్ తన కారులోంచి ఒక స్ప్రే డబ్బా తెచ్చి ఈ బల్ల మీదే పెట్టాడు. కారు లోపలి భాగాలు మెరవడానికి కొట్టే డబ్బా. "రేపు కమిటీ వాళ్ల మొహాలు ఈ మీటర్లలో కనపడాలి" అన్నాడు. ఆమె పది మీటర్లకూ కొట్టింది. తొడుగులకు, అద్దాలకు, గాలి లోపలికి పోయే జాలీ మూతికి కూడా. తుడిచి, ఒక్కొక్కటీ ఆన్ చేసి సున్నా సరిచూసి బీరువాలో పెట్టి తలుపు వేసింది. మర్నాడు గదికి రెండో బహుమతి వచ్చింది.

"ఆగయ్య కాకా, జర ఇటు రా" అని పిలిచింది.

ఆగయ్య పుస్తకం చూశాడు. పేజీ వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. తర్వాత పుస్తకం మూసేశాడు.

"గ్యాసు లేక సున్నా వచ్చిందేమో బిడ్డా."

"తొమ్మిది దినాలా? పది మీటర్లకా? మీటర్లు పరీక్ష చేసే గ్యాసు సిలిండరు అయిపోయి రెండు నెలలాయె. ఇవి బతికున్నయో లేవో ఎవలు సూసిన్రు?"

"నాకు ఏడాదే ఉన్నది. నన్ను ఏమీ అడగకు" అని ఆగయ్య టీకి వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున, మొదటి షిఫ్టు దిగిపోయాక, ఆమె రెండు మీటర్లు కొంగు కింద పెట్టుకుని క్యాంటీను వెనక తలుపు నుంచి లోపలికి వెళ్ళింది. ఒకటి ఆరో నంబరు. రెండోది పదకొండో నంబరు. పట్టీ తెగిందని దాన్ని సొరుగులో పడేశారు. కమిటీ ముందు పెట్టేది కాదు కాబట్టి దానికి డబ్బా కొట్టలేదు.

క్యాంటీను పూలమ్మ ఉప్మా గిన్నె దించుతోంది. విషయం విని చేతులు నడుం మీద పెట్టుకుంది. "ఆ నర్సింగం కోసమా? వాడు నిన్ను మనిషి లెక్క సూసిండా ఏనాడన్న?"

"రెండు నిమిషాలు, అక్కా. అన్ని పొయ్యిలు ఆర్పు. కిటికీలు తెరువు."

పూలమ్మ గొణుగుతూనే ఆర్పింది. లతీఫున్నీసా గ్యాసు పొయ్యి మీట సన్నగా తిప్పి, వెంటనే పదకొండో నంబరు మూతిని జానెడు దూరంలో పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు ముల్లు లేచి అవతలి కొసకు కొట్టుకుంది. మీట కట్టేసి, కొంగుతో గాలి విసిరి, ముల్లు కిందికి దిగిందాకా ఆగింది. మళ్ళీ తిప్పి ఆరో నంబరు పట్టింది. పది దాకా లెక్కపెట్టింది. దగ్గరికి జరిపింది. ముక్కుకు వాసన ఘాటుగా తగులుతోంది. ముల్లు సున్నా మీదే ఉంది.

"గిదేందే, సచ్చిందా?" అంది పూలమ్మ.

లతీఫున్నీసా పొయ్యి కట్టేసింది. రెండు మీటర్లూ మళ్ళీ కొంగు కింద పెట్టుకుంది.

డ్యూటీ దిగి ఆమె ఏరియా వర్కుషాపుకు నడిచింది. మీటర్లు బాగుచేసే సిరాజుద్దీన్ కిటికీ పక్క బల్ల మీద భూతద్దం పెట్టుకుని కూర్చునే మనిషి. ఆరో నంబరు మూతి విప్పి, పట్టకారుతో జాలీ తీశాడు. లోపల ఆవగింజంత తెల్లటి పూసలు రెండు, వెంట్రుకంత తీగలకు వేలాడుతున్నాయి.

"ఇట్ల సూడు ఆపా" అని అక్కలా పిలిచి చెప్పాడు. "ఒక పూస ఉత్తదే, సరిసూసుకునేటందుకు. ఇంకోదాని మీద పల్లాడియం అనే లోహం ఉంటది. ముద్దలెక్క కాదు, కంటికి కనపడని చిన్న చిన్న గుంపులు. కరెంటుతోని పూస వేడిగుంటది. గ్యాసు వచ్చి ఆ లోహం మీద అతుక్కుంటది. గాలిల ఉన్న ఆక్సిజను గూడ అక్కడనే అతుక్కుంటది. రెండు కలిసి మంట లేకుంటనే కాలిపోతయి. అవి కాలితే పూస ఇంకింత వేడెక్కుతది, ముల్లు లేస్తది. కాలినంక ఆ జాగ ఖాళీ. ఇంకొకటి వచ్చి కూసుంటది."

"మరి ఇది?"

"ఏం కొట్టినవ్ దీనికి?"

ఆమె చెప్పింది. సిరాజుద్దీన్ భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"గందుల సిలికాన్ ఉంటది. అది ముందుగాల వచ్చి లోహం మీద అతుక్కున్నది. వేడికి మాడి ఇసుక పొరలెక్క అయింది. ఇంక లేవదు. గ్యాసుకు కూసునే జాగ లేదు. కాలేది లేదు. కాలకుంటే వేడి లేదు, ముల్లు లేదు." పూసను వెలుతురుకు పెట్టాడు. "సచ్చిన పూస సున్నా మస్తు చూపిస్తది ఆపా. బతికున్నదానికంటె సాఫ్ చూపిస్తది. గదే దీని గలీజు గుణం."

"ఇది కాగితం మీద రాసియ్యి భాయ్. రేపు విచారణ ఉన్నది."

అతను గబగబా మూతి బిగించడం మొదలుపెట్టాడు. "రెండు నెలల సంది పరీక్ష సిలిండరు పంపనిది మా షాపే. నేను రాస్తే ముందుగాల నా మెడకే వస్తది. మేరా నామ్ మత్ లేనా." తన పేరు ఎత్తవద్దని రెండు చేతులూ జోడించి, మీటరు ఆమె ఒళ్ళో పెట్టి, తలుపు దాకా వచ్చి పంపేశాడు.

బుధవారం పొద్దున ఆమె వేణుమాధవ్ గది ముందు గంట నిలబడింది. లోపలికి రమ్మన్నాక, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. పుస్తకంలో సున్నాలు, పొయ్యి దగ్గర పరీక్ష, పూస మీద పొర.

అతను పెన్ను మూత పెట్టడానికి చాలా సేపు తీసుకున్నాడు.

"నీకివన్నీ ఎవరు నేర్పారు? ఆ సర్దారా?"

"కాదు సార్. ఆయన నాతోని మాట్లాడడు."

"మీటర్లు చెడిపోయాయంటే, ఎవరు చెడగొట్టారని అడుగుతారు. కొట్టిన చెయ్యి ఎవరిది?"

"డబ్బా మీరు..."

"నేనా? కాగితం ఉందా? ఆగయ్యను పిలవనా? చూశానని చెబుతాడా?" అతను గొంతు పెంచలేదు. "పది మీటర్లమ్మా. నీ ఉద్యోగం మొత్తం పోయినా తీరదు. మూడింటికి నిన్ను పిలుస్తారు. ఆరో నంబరు ఇచ్చావా అంటే ఇచ్చానను. సున్నా సరిగా ఉందా అంటే ఉందను. రెండూ నిజాలే. నిన్ను అబద్ధమాడమనడం లేదు నేను. పో."

ఆమె దీపాల గదికి వచ్చేసరికి ఆగయ్య లేడు. కడుపునొప్పి అని సెలవు చీటీ పెట్టి ఇంటికి పోయాడు. బల్ల మీద చీటీ ఎగరకుండా తాళాల గుత్తి పెట్టి ఉంది.

మధ్యాహ్నం అన్నానికి క్వార్టరుకు వెళ్తే అత్త రబియా బీ పళ్ళెం ముందు పెట్టి ఆమె ముఖం చూసింది. లతీఫున్నీసా రెండు ముద్దలు తిని చెప్పింది. ముసలామె విసనకర్ర కింద పెట్టింది.

"నౌకరీ నా కొడుకు పానానికి వచ్చింది. నువ్వు ఆ సర్దార్ పానానికి ఇచ్చొస్తవా?"

"సర్దార్ దిగడు అమ్మీ. సస్పెండైండు గద. రేపు దిగేటోళ్లు వేరే."

"ఎవలు?"

"సదయ్య. కొమురెల్లి. మన వెనక లైన్ల ముత్యం." ఆమె వేళ్ళు మడుస్తూ పోయింది. టోపీ దీపాల నంబర్లతో సహా ఆమెకు ఇరవై రెండు పేర్లూ వచ్చు. పద్నాలుగో పేరు దగ్గర రబియా బీ లేచి చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పోసింది.

విచారణ మేనేజరు ఆఫీసు పక్క హాలులో పెట్టారు. బయటి ఏరియా నుంచి వచ్చిన విచారణాధికారి జుట్టు నెరిసిన మనిషి. ముందు పెట్టిన బిస్కెట్లు ముట్టుకోలేదు. ఒక పక్క వేణుమాధవ్, ఇంకో పక్క నర్సింగం, అతని వెనక యూనియన్ మనిషి ఒకడు. నర్సింగం ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు. అడిగినదానికల్లా ఒకటే మాట చెప్పాడు: "టోపీ లేసింది. మందిని తెచ్చిన. మల్ల లేస్తే మల్ల తెస్త."

"యంత్రం సున్నా చూపించింది కదా?"

"దాన్నడుగుండ్రి ఎందుకు సూపిచ్చిందో."

మూడోసారి కూడా అదే చెప్పేసరికి అధికారికి చిరాకు వచ్చింది. వేణుమాధవ్ కాళ్ళు చాపుకున్నాడు. అప్పుడు లతీఫున్నీసాను పిలిచారు. ఆమె చేతిలో గుడ్డసంచి ఉంది.

"ఆరో నంబరు మీటరు సోమవారం మీరే ఇచ్చారా?"

"నేనే ఇచ్చిన సార్."

"సున్నా సరిగా ఉందా?"

"ఉన్నది."

అధికారి రాసుకున్నాడు. "ఇక వెళ్ళవచ్చు."

ఆమె కదలలేదు. "సార్, అది సచ్చిన మీటరు. సచ్చింది గూడ సున్నా చూపిస్తది."

వేణుమాధవ్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఎందుకు చెడిపోయింది?" అని అడిగాడు అధికారి.

"నేనే చెడగొట్టిన. మెరవాలెనని మెరుపు మందు కొట్టిన. పది మీటర్లకు కొట్టిన. అది లోపలి పూస మీద అతుక్కుంటే గ్యాసు అతుక్కోదు. కాలదు. ముల్లు లేవదు."

"ఎవరు కొట్టమన్నారు?"

నర్సింగం తల తిప్పి మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. వేణుమాధవ్ బల్ల అంచును చూస్తున్నాడు.

"ఎవ్వరు అనలే సార్. నా బుద్ధితోనే కొట్టిన."

"ఏం మాట్లాడుతున్నారో తెలుసా? ఇది మీ మీదికి వస్తుంది."

"రాసుకోండ్రి సార్. ముందుగాల మీటరు సంగతి సూడుండ్రి. క్యాంటీన్ల పొయ్యి ఉన్నది. మీ కండ్లతోని సూసి రాయుండ్రి."

అధికారి వేణుమాధవ్ వైపు తిరిగాడు. "మీకేమైనా అభ్యంతరమా?"

కాదనడానికి వేణుమాధవ్ దగ్గర ఏమీ లేదు. తప్పు తనదేనని ఆమె రాయిస్తోంది. మీటరు బాగానే ఉందని అతను పట్టుబడితే పరీక్షకు అతనే తొందరపడాలి. "లేదు" అన్నాడు.

అందరూ క్యాంటీనుకు నడిచారు. పూలమ్మ ఈసారి చెప్పకముందే పొయ్యిలు ఆర్పి కిటికీలు తెరిచింది. పదకొండో నంబరు ముల్లు మూడు లెక్కలో కొసకు కొట్టుకుంది. ఆరో నంబరు కదలలేదు. అధికారి దాన్ని తానే పట్టుకుని చూశాడు. తర్వాత మనిషిని పంపి మిగతా తొమ్మిదీ తెప్పించాడు. ఒక్కొక్కటీ పొయ్యి మీదికి వంచి పట్టుకుంటూ పోతే, ఎనిమిది సున్నా మీదే నిలబడ్డాయి. ఒకటి మాత్రం చీమంత కదిలి ఆగింది. ఆయన జేబురుమాలుతో ముఖం తుడుచుకుని, "ఎన్ని రోజులుగా ఇవే వాడుతున్నారు?" అన్నాడు. "పదకొండో తేదీ సంది సార్" అంది లతీఫున్నీసా.

ఆ సాయంత్రమే ఏరియా నుంచి రక్షణ అధికారి వచ్చి, పదకొండో నంబరుతో, పక్కన నర్సింగం దీపంతో ఇరవయ్యొకటో లెవెల్లోకి దిగాడు. గాలిలో గ్యాసు ఒకటింబావు శాతం దాటితే మనుషులు ఉండకూడదు. అక్కడ రెండు దగ్గరికి వచ్చింది. లెవెల్ మూసేశారు. గాలి అటు మళ్ళడానికి తలుపులు మార్చి, కొత్త గోడ కట్టాలన్నారు, వారం పని. గురువారం సదయ్య, కొమురెల్లి, ముత్యం వేరే చోట డ్యూటీకి వెళ్ళారు. పేలుడు జరగలేదు, ఎవరూ చావలేదు. అందుకే దాని గురించి పెద్దగా మాట్లాడుకున్నవాళ్లు కూడా లేరు. నర్సింగం మీద కేసు కొట్టేశారు, దురుసు మాటకు హెచ్చరిక మాత్రం ఉంచారు. శుక్రవారం లతీఫున్నీసాకు రెండు కాగితాలు అందాయి. ఒకటి ఛార్జిషీటు. రెండోది బొగ్గు జల్లెడ ప్లాంటుకు బదిలీ.

ప్లాంటులో పని బెల్టు పక్కన నిలబడి, పోతున్న బొగ్గులోంచి రాళ్ళు ఏరిపారేయడం. బెల్టు ఆగదు. రాయీ బొగ్గూ ఒకే నలుపు. చేతిలోకి తీసుకుంటే బరువును బట్టి తెలుస్తుంది. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆమె వేళ్ళ కొసలు చిట్లాయి. పాత చీర పేలికలు చుట్టుకుంది.

సోమవారం మొదటి షిఫ్టు ముగించుకుని నర్సింగం అక్కడికి వచ్చాడు. ముఖం మీద మసి కడుక్కోలేదు. బెల్టుకు అవతలి పక్క నిలబడి, మోటారు చప్పుడు మీద నుంచి అరిచాడు.

"అబద్ధమాడినవ్ నువ్వు."

ఆమె తలెత్తలేదు. ఒక రాయి తీసి వెనక్కి విసిరింది.

"వేణుమాధవ్ సారు కార్లకెల్లి డబ్బా తీసుడు నేను సూసిన. బహుమతికి ముందు దినం. వరండల కూసున్న. నా కోసమని అబద్ధమాడినవా? నాకక్కరలేదు. ఒకల మీద పడి నౌకరీ నిలబెట్టుకునేటోన్ని కాదు నేను."

"నీ కోసమా?" ఆమె పేలికల చేత్తో నుదురు తుడుచుకుంది. "నీ మొకం సూసి ఎవలన్న గంత పని చేస్తరా?"

నర్సింగం బెల్టుకు ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"సారు పేరు చెప్తే సారు కాదంటడు. ఆగయ్య కాక సూడలేదంటడు. ఇగ డబ్బా ఎవనిదని విచారణ. అది తేలేటాల్లకు ఎండకాలమొస్తది. మీటరు సంగతి అవతల పడుతది. గురువారం మంది దిగుతరు." మాట్లాడుతూనే ఇంకో రాయి తీసింది. "నేనే చేసిన అంటే కాదనేటోడు ఎవడు? గదొక్కటే అందరు జల్ది రాసుకునే మాట."

అతను మసి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "నేను రాసిస్త. సూసింది సూసినట్టు."

"గోడ అయిందా?"

"సగమైంది. శనివారం వరకు అయితది."

"అయితే ఆదివారం రాయి. ఇప్పుడు రాస్తే సారు కోపానికొచ్చి గోడ పని ఆపుతడు."

ఆమె మాట పూర్తయ్యేలోపు ఒక పెద్ద రాయి ఆమె చెయ్యి దాటి జారిపోయింది. వంగినా అందలేదు. నర్సింగం చెయ్యి చాపి దాన్ని పట్టుకున్నాడు. అరచేతిలో ఒక క్షణం తూచి, పక్కకు విసిరాడు. సర్దార్లు చేసే పని కాదది. దూరంగా జల్లెడ దగ్గర పనివాళ్లు ఇద్దరు తలలు తిప్పి చూశారు.

వెంటనే ఇంకోటి వచ్చింది. అతను వంగాడు. అది బొగ్గు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను దాన్ని తిరిగి బెల్టు మీద వేసి, ఈసారి ఆమె చేతులు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తూ, తన వైపు వచ్చే రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. ప్లాంటు షిఫ్టు ముగిసే సైరను మోగేదాకా ఇద్దరూ ఏరుతూనే ఉన్నారు.